వేలిముద్ర పడనివారు లెక్కలోకి ఎలా వస్తారు? రేషన్ ఈ-పోస్‌పై పరిశోధనకు సలహా కావాలి

ప్రశ్న: మునేటి గట్టు

అందరికీ నమస్కారం. హైదరాబాదులో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేశాక ఎంబీఏ చదివి, ఇప్పుడు కోస్తాలోని ఒక విశ్వవిద్యాలయంలో, మేనేజ్‌మెంట్ విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. రేషన్ దుకాణాల్లో వేలిముద్ర చూసి సరుకు ఇచ్చేందుకు పెట్టిన ఈ-పోస్ యంత్రం కార్డుదారుల బతుకులో ఏ మార్పు తెచ్చిందన్నది నా అంశం. వచ్చే నెలాఖరుకు పరిశోధన ప్రణాళికను (సినాప్సిస్) సమర్పించాలి.

మా గైడ్ గారు సూచించిన పద్ధతి మీలో చాలామందికి పరిచయమే. 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించిన ‘సాంకేతికత అంగీకార నమూనా’ను తీసుకొని, ‘ఈ యంత్రం నాకు ఉపయోగపడుతోంది’, ‘దీన్ని వాడటం తేలిక’ వంటి వాక్యాలకు ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేయించి, 400 మంది కార్డుదారుల సమాధానాలను గణాంక సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించాలి. ఆయన అనుభవం పట్ల నాకు గౌరవం ఉంది. ఆయన మాట కాదనడానికి నా దగ్గర గట్టి కారణం ఉండాలి కదా అనే ఇక్కడ అడుగుతున్నాను.

ఫిబ్రవరిలో జగ్గయ్యపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో పైలట్ సర్వే చేశాను. మిరప కోతలకు వెళ్లే ఒక పెద్దావిడ పొద్దున్నే వచ్చి వరుసలో నిలబడింది. చూపుడువేలు పడలేదు, బొటనవేలు పడలేదు. కొంగుతో తుడుచుకొని, పక్కనున్న బకెట్లో చేయి కడుక్కొని మళ్లీ పెట్టింది. అయిదోసారి ఎడమచేతి ఉంగరపు వేలికి యంత్రం ఒప్పుకొంది. బియ్యం సంచి ఎత్తుకొని వెళ్తున్న ఆవిడను ఆపి నా ప్రశ్నావళి చదివి వినిపించాను. ‘యంత్రం వాడటం తేలికగా ఉంది’ అన్న వాక్యానికి అయిదు మార్కులూ వేయమంది. ఎందుకమ్మా అంటే, ‘బియ్యం వచ్చినయ్ గదమ్మా’ అంది. ఆవిడ వెనకే వచ్చిన ఒకాయనకు ఏ వేలూ పడలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని వెళ్లిపోయాడు. బియ్యం తీసుకున్నవారినే అడగాలన్నది నేను పెట్టుకున్న నియమం కాబట్టి ఆయన నా సర్వేలో లేడు. ఆ రోజు నుంచి ఆ ప్రశ్నావళి తీసి చూడబుద్ధి కావడం లేదు.

ఈ నమూనా నా అంశానికి సరిపోతుందా? సరిహద్దుకు ఇవతల ఉన్న జగ్గయ్యపేటను, అవతల తెలంగాణలో ఉన్న కోదాడను పోల్చాలన్న ఆలోచన కూడా ఉంది, అది నిలుస్తుందా? సర్వేకు బదులు యంత్రం నమోదు చేసే లావాదేవీల వివరాలనే ఆధారంగా తీసుకోవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: క్షేత్రపుస్తకం

అమ్మా, మీరు ఆ ప్రశ్నావళిని పక్కన పెట్టాలనుకోవడానికి గట్టి కారణమే ఉంది, దాన్ని మీ గైడ్ గారి ముందు ధైర్యంగా పెట్టవచ్చు. డేవిస్ నమూనా ఆఫీసుల్లో ఉద్యోగులు కొత్త సాఫ్ట్‌వేర్‌ను వాడతారా, వాడరా అన్న ప్రశ్న నుంచి పుట్టింది. వాడకపోయే వీలు ఉన్నచోటే ‘అంగీకారం’ అన్న మాటకు అర్థం ఉంటుంది. విశ్వనాథ్ వెంకటేశ్, డేవిస్ తదితరులు 2003లో ఈ నమూనాలన్నిటినీ కలిపి కొత్తదాన్ని రూపొందించినప్పుడు, వాడకం స్వచ్ఛందమా, నిర్బంధమా అన్నదాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకున్నారు. మీ పెద్దావిడకు యంత్రాన్ని కాదనే దారి లేదు. ఆవిడ వేసిన అయిదు మార్కులు బియ్యానికే గాని యంత్రానికి కావు. కాబట్టి అభిప్రాయాలను కొలవడం మానేసి, జరిగినదాన్ని కొలవండి. ఆ నెల ఎన్నిసార్లు దుకాణానికి వచ్చారు, ఎన్ని గంటలు నిలబడ్డారు, ఎన్ని రోజుల కూలి పోయింది, ఎన్ని కిలోలు రావాలి, ఎన్ని వచ్చాయి అని అడిగితే, మార్కుల ప్రశ్నకు రాని నిజం వస్తుంది.

ఇంకో సంగతి. 400 అన్న సంఖ్య, సర్వేకు ఎంతమంది కావాలో లెక్కకట్టే యమానే సూత్రం నుంచి వచ్చి ఉంటుంది. జనాభా ఎంత పెద్దదైనా, అయిదు శాతం పొరపాటుకు ఒప్పుకుంటే ఆ సూత్రం 400 దగ్గర ఆగుతుంది. అయితే అది మొత్తం జాబితా నుంచి లాటరీ తీసినట్లు మనుషులను ఎంచుకున్నప్పటి లెక్క. పది దుకాణాల దగ్గర నలభై మంది చొప్పున అడిగితే ఆ నలభై మందికీ డీలరు ఒకరే, సిగ్నలు ఒకటే, యంత్రం ఒకటే. వారి అనుభవాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలికను, సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతలో, 0.1 అనుకున్నా మీ 400 మంది విలువ దాదాపు 82 మందికి సమానమవుతుంది. అదే నలభై దుకాణాల్లో పదేసి మందిని అడిగితే 210 దాకా నిలుస్తుంది. తిరుగుడు పెరుగుతుంది, నిజమే. అయినా దుకాణాల సంఖ్య పెంచండి.

ఇక అసలు విషయం. మన ప్రాంతం మీద ఈ రంగంలో ప్రపంచమంతా చదివే పరిశోధన ఇప్పటికే ఒకటి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ డబ్బును, పింఛన్లను వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో చెల్లించినప్పుడు ఏం జరిగిందో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా పరిధిలో పరిశీలించారు. ఏ మండలాల్లో ముందు, ఏ మండలాల్లో తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి, 2010లో ఒకసారి, 2012లో ఒకసారి సర్వే చేశారు. కూలి డబ్బు త్వరగా, ఒక క్రమంలో అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది, పథకం ఎవరికీ దూరం కాలేదు. ఆ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అదే ముగ్గురూ ఝార్ఖండ్‌లో 1.51 కోట్ల మంది రేషన్ లబ్ధిదారుల పరిధిలో ఆధార్ వేలిముద్రను పరిశీలిస్తే, యంత్రం పెట్టినంత మాత్రాన లీకేజీ తగ్గలేదు. అంతకుముందు ఆధార్ అనుసంధానం చేసుకోనివారికి అందే సరుకు విలువ 10 శాతం తగ్గింది. ఆ తర్వాత యంత్రం లెక్కలను బట్టి దుకాణాలకు కేటాయింపులు సవరించినప్పుడు లీకేజీ బాగా తగ్గింది, దానితోపాటు జనానికి అందేదీ తగ్గింది.

వేలిముద్ర రెండుచోట్లా వేలిముద్రే. తేడా నిర్వహణలో ఉంది. మన దగ్గర స్మార్ట్‌కార్డు డబ్బును ఊళ్లోకి తెచ్చింది. పంచేవారిని ఆ ఊరి పొదుపు సంఘాల మహిళల నుంచే ఎంచుకోవడానికి ప్రాధాన్యమిచ్చారు. కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లించే దారిని మూసివేయలేదు. ఝార్ఖండ్‌లో సరుకు ఉన్న దుకాణమే ఉంది, డీలరు పాతవాడే, అదనంగా ఒక పరీక్ష వచ్చి చేరింది. రీతికా ఖేరా వంటి ఆర్థికవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నట్లు, వేరొకరి పేరుతో సరుకు తీసుకునే మోసాన్ని వేలిముద్ర ఆపగలదు, తూకంలో జరిగే మోసాన్ని ఆపలేదు. మేనేజ్‌మెంట్ విభాగంలో చేసే పరిశోధనకు ఇంతకన్నా మంచి ప్రశ్న ఏముంటుంది? ‘జనం యంత్రాన్ని అంగీకరించారా?’ అన్నది వదిలిపెట్టి, ‘యంత్రం విఫలమైనప్పుడు దుకాణంలో ఏం జరుగుతుంది, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు?’ అని అడగండి.

కోదాడ, జగ్గయ్యపేట పోలిక ఆకర్షణీయంగానే ఉంది గాని జాగ్రత్త. తెలంగాణలో 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పథకం ప్రారంభమైంది. అంతకుముందు దొడ్డుబియ్యం వద్దనుకున్నవారు కూడా ఇప్పుడు దుకాణానికి వస్తారు. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో ప్రారంభించిన 9,260 వాహనాలతో ఇంటి దగ్గరకు పంపిణీ జరిగింది, 2025 జూన్ 1 నుంచి మళ్లీ దుకాణాలకు మారింది. రెండువైపులా రెండు నెలల తేడాతో పెద్ద మార్పులు వచ్చినప్పుడు, ఎన్ని కార్డులకు బియ్యం వెళ్లిందన్న లెక్కతో పోలిస్తే యంత్రం ప్రభావం ఏదో, బియ్యం రకం ప్రభావం ఏదో విడదీయలేరు. తిరిగిన సార్లు, పోయిన కూలి దినాలు వంటివాటిని మాత్రం పోల్చవచ్చు. నా సలహా అడిగితే, ఒక్క జగ్గయ్యపేట వైపే ఉండి లోతుగా చేయండి.

జవాబు: తీగలవంతెన

నేను పదేళ్లుగా చెల్లింపుల సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను, ఆధార్ ధ్రువీకరణతో కలిపే పని కూడా చేశాను. మీ మూడో ప్రశ్నకు మాత్రమే జవాబు రాస్తాను.

యంత్రం నమోదును ఆధారంగా తీసుకోవచ్చు, దాన్నే మొత్తం సత్యమనుకుంటే మాత్రం దెబ్బతింటారు. కార్డుదారు వేలు పెట్టగానే ఆ ముద్ర రహస్య సంకేతంగా మారి, రాష్ట్ర సర్వరు గుండా ఆధార్ కేంద్ర భాండాగారానికి వెళ్తుంది. అక్కడ ఆ ఆధార్ సంఖ్య కింద ఉన్న ముద్రతో సరిపోల్చి, అవును లేదా కాదు అని జవాబు వస్తుంది. సరిపోలకపోతే 300 అనే సంకేతం వస్తుంది. ఇంతవరకు జరిగితే దానికి ఒక నమోదు ఉంటుంది. కాని సిగ్నలు లేక అభ్యర్థన దుకాణం గుమ్మం దాటకపోతే కేంద్రానికి ఆ సంగతే తెలియదు. ‘ఈరోజు సర్వరు లేదు, రేపు రండి’ అని డీలరు అన్నప్పుడు, ఆ మనిషి వేలు కూడా పెట్టకుండానే తిరిగి వెళ్తుంది. ఆ ప్రయాణం ఏ సర్వరులోనూ కనిపించదు.

రెండో చిక్కు హారంలో ఉంది, అంటే దేనితో భాగిస్తున్నామన్నదానిలో. మీరు చెప్పిన పెద్దావిడనే తీసుకుందాం. అయిదు ప్రయత్నాల్లో నాలుగు విఫలం, కాబట్టి ప్రయత్నాల లెక్కన వైఫల్యం 80 శాతం. ఆ నెల బియ్యం అందాయి, కాబట్టి కార్డు లెక్కన వైఫల్యం సున్నా. ఇంట్లో నలుగురు ఉండి, ఆవిడకు పడకపోతే కోడలు వచ్చి వేలు పెట్టి తీసుకెళ్లిందనుకోండి. మనిషి లెక్కన ఒక వైఫల్యం, కార్డు లెక్కన అదీ సున్నాయే. ఈ మూడు లెక్కల్లో ఏదీ అబద్ధం కాదు. పత్రికల్లో ఒకరు సగం మందికి పడటం లేదనీ, ఇంకొకరు అందరికీ అందుతున్నాయనీ అనడానికి కారణం చాలాసార్లు ఇదే. మీ థీసిస్ మొదటి అధ్యాయంలోనే మీరు ఏ హారం వాడుతున్నారో, ఎందుకో తేల్చి చెప్పండి. నన్నడిగితే ఒంటరిగా ఉండే వృద్ధుల కార్డులను వేరుగా లెక్కించాలి, ఎందుకంటే వారికి వేలు పెట్టే కోడలు లేదు.

మీరు టెస్టింగ్‌లో పనిచేశారు కాబట్టి ఒక మాట చేరుస్తాను. సాఫ్ట్‌వేర్‌లో లోపం రాసేటప్పుడు ‘ఏం జరిగింది’ అన్నదానితోపాటు ‘ఏం జరగాల్సింది’ అని కూడా రాస్తాం. ఇక్కడ జరగాల్సింది ఏమిటో చట్టంలోనే ఉంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోలు, నిరుపేదలైన అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. వేలిముద్ర పడలేదన్న కారణంతో ఎవరికీ సరుకు నిరాకరించరాదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రాలకు స్పష్టంగా రాసింది. ఆ ఖాళీ సంచి మనిషి విషయంలో జరగాల్సినదానికీ, జరిగినదానికీ మధ్య ఉన్న దూరమే మీరు కొలవాల్సిన లోపం.

జవాబు: పాత కాటా

అమ్మా, నేను పల్నాడులో పందొమ్మిదేళ్లు రేషన్ డీలరుగా ఉండి, ఆరోగ్యం సహకరించక మానుకున్నాను. పెద్దవాళ్లు రాసినంత నాకు తెలియదు, చూసినది చెబుతాను.

ముందుగా యంత్రానికి దక్కాల్సిన మాట దానికి దక్కాలి. 2015లో మా వైపు యంత్రాలు రాకముందు, చనిపోయినవారి కార్డుల మీద, ఊరు విడిచినవారి కార్డుల మీద బియ్యం వెళ్లిన దుకాణాలు నేను ఎరుగుదును. యంత్రం వచ్చాక అది చాలావరకు ఆగింది. కార్డు ఏ దుకాణంలోనైనా చెల్లే ఏర్పాటు వచ్చాక, తూకం తక్కువ వేసే డీలరును వదిలి జనం పక్క దుకాణానికి వెళ్లగలిగారు. కాటాను యంత్రానికి కలిపినప్పుడు తూకం కూడా కొంత దారికి వచ్చింది. మీ పరిశోధనలో ఈ మేలును కూడా న్యాయంగా రాయాలని కోరుతున్నాను.

ఇక వేలు పడనివారి సంగతి. మిరప కోసినవారికి, సున్నపు పనివారికి, ఎనభై దాటినవారికి వేళ్లు పడవని ఏ డీలరుకైనా పేర్లతో సహా తెలుసు. నా దుకాణం పరిధిలో అలాంటివారు పదకొండు మంది ఉండేవారు. వారికోసం వీఆర్వో వచ్చి తన వేలు పెట్టి ఇప్పించే వీలు ఉండేది. ఆయనకు నాలుగు ఊళ్ల పని. ఆయన వచ్చే రోజు ముందుగా తెలిసిన నెలలో ఆ పదకొండు మందికీ బియ్యం అందేవి, తెలియని నెలలో ముగ్గురో నలుగురో మిగిలిపోయేవారు. ఆయన ఫోను నంబరు గోడమీద సుద్దతో రాసి పెట్టిన తర్వాతే ఆ బాధ తగ్గింది. మీరు ఏ దుకాణానికి వెళ్లినా డీలరును ‘వేలు పడకపోతే ఎవరికి ఫోను చేస్తారు?’ అని అడగండి. జవాబు తడుముకోకుండా చెప్పే దుకాణానికీ, నీళ్లు నమిలే దుకాణానికీ తేడా మీకే తెలుస్తుంది.

ఇంకొక్క మాట. మీరు ఒకటో తేదీన వెళ్తే బియ్యం తీసుకునేవారే కనిపిస్తారు. పంపిణీ పదిహేనుతో ముగుస్తుంది. పదహారో తేదీన వెళ్లండి. ఆ నెల ఏ కార్డుకు బియ్యం వెళ్లలేదో చూసి, ఆ ఇళ్లకు వెళ్లండి. వారిలో బియ్యం అక్కర్లేనివారు ఉంటారు, ఊళ్లో లేనివారు ఉంటారు, రాలేకపోయినవారు ఉంటారు. గుమ్మం దగ్గర నిలబడితేనే ఎవరు ఎవరో తెలుస్తుంది.

జవాబు: క్షేత్రపుస్తకం

పాత కాటా గారు చెప్పిన పదహారో తేదీ మాట మీ పరిశోధనకు ప్రాణం. అడగాల్సిన ఇళ్లను కార్డుల జాబితా నుంచి ఎంచుకొని, తీసుకున్నవారినీ తీసుకోనివారినీ వేరువేరుగా లాటరీ వేయండి. తీసుకోనివారు కొద్దిమందే ఉంటారు కాబట్టి వారిలో ఎక్కువ నిష్పత్తిని ఎంచుకొని, విశ్లేషణలో ఆ మేరకు సరిదిద్దుకోవచ్చు. దుకాణం వారీ లావాదేవీలు చాలా రాష్ట్రాల పోర్టళ్లలో అందరికీ కనిపించేలా ఉన్నాయి, మీ జిల్లా పౌర సరఫరాల అధికారికి కూడా ఒక లేఖ రాయండి.

రెండో విడతకు ఫోన్ సర్వే చేద్దామనే ఆలోచన వస్తే, తెలంగాణలో రైతుబంధు తొలి విడతలో జరిగిన ప్రయోగం చదవండి. 57 లక్షల మంది రైతులకు డబ్బు పంచిన ఆ సందర్భంలో, రైతులకు ఫోన్ చేసి పంపిణీ తీరును అడుగుతామని కొన్నిచోట్ల అధికారులకు ముందే చెప్పారు. అలా చెప్పినచోట్ల డబ్బు అందనివారి సంఖ్య 7.8 శాతం తగ్గింది. చాలా తక్కువ ఖర్చుతో జరిగిన పని. కాని మీ వృద్ధుల దగ్గర ఫోను ఉండదు, కాబట్టి మొదటి విడత మాత్రం కాళ్లతోనే చేయాలి.

జవాబు: నల్లకోటు చెలమ

న్యాయశాస్త్రం బోధిస్తాను, ఒక్క హెచ్చరిక చేస్తాను. మీ కాగితాల్లో ఎక్కడా ఆధార్ సంఖ్య రాసుకోకండి, కార్డు ఫొటో తీయకండి. పోర్టల్‌లో పేర్లు బహిరంగంగా కనిపించినంత మాత్రాన, వాటిని మీ థీసిస్‌లో ముద్రించే హక్కు రాదు. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది, 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. ప్రతి ఇంటికీ మీరే ఒక సంఖ్య ఇచ్చుకొని, పేర్ల పట్టికను విడిగా తాళం వేసి ఉంచండి. సమ్మతి పత్రం తెలుగులో, చదివి వినిపిస్తే అర్థమయ్యే వాక్యాల్లో ఉండాలి. వేలిముద్ర పడక బియ్యం పోగొట్టుకున్న మనిషి చేత సమ్మతికి వేలిముద్ర వేయించకండి, నోటిమాటగా తీసుకొని సాక్షి సంతకం పెట్టించండి. డీలరు ఎదుట ఎవరినీ ప్రశ్నించవద్దు. రేపు ఆ మనిషి మళ్లీ అదే గుమ్మం ఎక్కాలి.

ప్రశ్నించినవారి జవాబు: మునేటి గట్టు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రెండు రోజులుగా మీ జవాబులు చదువుకొని, నిన్న మా గైడ్ గారిని కలిశాను. నిర్బంధ వాడకం గురించి, హారం గురించి వివరించినప్పుడు ఆయన ఓపికగా విన్నారు. అంగీకార నమూనాను వదిలిపెట్టడానికి ఒప్పుకున్నారు, అయితే మేనేజ్‌మెంట్ విభాగం కాబట్టి ఏదో ఒక సిద్ధాంత చట్రం ఉండాలన్నారు. రిచర్డ్ హీక్స్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన, ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ రూపకల్పనకూ క్షేత్ర వాస్తవానికీ మధ్య దూరాన్ని సమాచారం, సాంకేతికత, పని విధానం, సిబ్బంది, నిర్వహణ వంటి అంశాల వారీగా చూసే పద్ధతిని నేను చూపించాను. అది బాగుందన్నారు. తీగలవంతెన గారు ‘జరగాల్సింది, జరిగింది’ అన్నదే నాకు ఆ దారి చూపింది.

కోదాడను విరమించుకున్నాను. జగ్గయ్యపేట వైపు నలభై దుకాణాలు, దుకాణానికి పది ఇళ్లు. అందులో నాలుగు ఇళ్లు ఆ నెల బియ్యం తీసుకోనివారివి. ప్రతి డీలరుకూ పాత కాటా గారి ప్రశ్నే మొదటి ప్రశ్న. ఆధార్ సంఖ్య గడి నా పాత ఫారంలో ఉంది, దాన్ని తీసేశాను.

ఆ ఖాళీ సంచి ఆయన ఇల్లు ఎక్కడో మా అమ్మమ్మ కనుక్కొంది. ఏటి గట్టున రెండో వీధి, ఒంటరి కార్డు. వచ్చే పదహారున మొదట అక్కడికే వెళ్తున్నాను. ఈలోగా ఆయన తరఫున గ్రామ సచివాలయంలో ఎవరిని కలవాలో, వీఆర్వో ధ్రువీకరణకు ఇప్పుడు ఏ పద్ధతి అమల్లో ఉందో పాత కాటా గారికి తెలిస్తే చెప్పగలరా?

జవాబు: పాత కాటా

తప్పకుండా అమ్మా. పదహారు దాకా ఆగకండి, అప్పటికి ఈ నెల బియ్యం పోతాయి. రేపే సచివాలయానికి వెళ్లి వీఆర్వో గారిని అడగండి, ఆయన లేకపోతే మండల పౌర సరఫరాల డిప్యూటీ తహసీల్దారును కలవండి. ఆ పెద్దాయన వయసు 65 దాటి ఉంటే ఇంటికే తెచ్చి ఇవ్వాలన్నది ఇప్పటి నియమం, ఆ మాట డీలరుకు గుర్తు చేయండి. వెళ్లేటప్పుడు ఆయనను వెంటబెట్టుకొని వెళ్లండి, కార్డు మరిచిపోవద్దు. కనుపాపను చూసి గుర్తుపట్టే ఐరిస్ యంత్రం ఉందేమో ముందే ఫోను చేసి కనుక్కుంటే పెద్దాయనకు ఒక తిరుగుడు తప్పుతుంది.